ఇంటితో పాటు వచ్చిన ఆడబిడ్డ

మా ఆదోనిలో ఇల్లు కొనాలంటే కాస్త డబ్బు కావాలి, కాస్త ధైర్యం కావాలి, అంతకంటే ముఖ్యంగా కాస్త తొందరపాటు కావాలి. పీరా సాబ్‌కు మొదటిది ఉందో లేదో అన్నట్టు ఉండేది. రెండోది శుక్రవారం నమాజు తర్వాత ఒక గంటసేపు ఉండేది. మూడోది పుట్టుకతోనే లేదు. ఆయన దగ్గర దండిగా ఉన్నవి ప్రశ్నలు.

నేను మునిసిపాలిటీ బడిలో టీచరును. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్లలు అడిగే ప్రశ్నలకు సర్కారు నాకు జీతమిస్తుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపల గోడ అవతల నుంచి పీరా సాబ్ అడిగేవాటికి ఎవరూ ఏమీ ఇవ్వరు. "టీచరమ్మా, దక్షిణం వైపు హద్దు రస్తా అని రాసినారనుకో, రేపు రస్తా ఎడల్పు చేస్తే హద్దు జరుగుతాదా, ఇల్లు జరుగుతాదా?" అసలే నాకు ఓపిక తక్కువ. "ముందు ఇల్లు కొను, తర్వాత జరుపుకుందువుగానీ" అని తలుపు వేసుకునేదాన్ని.

మేమిద్దరమూ ఉచ్చీరమ్మ వరస ఇళ్లలో బాడుగకు ఉండేవాళ్ళం. మా రెండు కాపురాలకూ మధ్య ఒకటే గోడ. పీరా సాబ్‌ది దూదేకే పని. పత్తికి పేరుబడ్డ ఊళ్ళో ఆ పనికి కొదవ లేదు. వెదురు విల్లుకు బిగించిన నరాన్ని కొయ్య గుండుతో మీటుతుంటే గడ్డకట్టిన పాత దూది పొంగి పువ్వులా లేస్తుంది. చూడడానికి బాగుంటుంది. పక్కింట్లో కాపురం చేయడానికి మాత్రం బాగుండదు. ఆ దూది నూగు గాలికి లేచి ఎవరి ఇంట్లోకైనా అడగకుండా వస్తుంది. అన్నంలో దూది, చారులో దూది, ఉచ్చీరమ్మ దేవుని పటాల మీద దూది. నా చీర కుచ్చిళ్ళలో దూది చూసి బడిలో పిల్లలు నాకు ముసలితనం కింద నుంచి వస్తోందని నవ్వుకునేవారు.

అందుకే దూదేకులాయనకు ఎవరూ ఇల్లు బాడుగకు ఇవ్వరు. ఇచ్చినా నిలవనివ్వరు. ఆయన భార్య ఖాతూన్ బీ కాపురానికి వచ్చినప్పటి నుంచి గంపా చేటా ఎత్తుకొని ఇల్లిల్లూ మారుతూనే ఉంది. ఒకరోజు చేట్లో బియ్యం చెరుగుతూ నాతో అంది: "ఇల్లంటే ఇంకేమీ లేదు టీచరమ్మా. దూది యాడ పడినా ఎవరూ తిట్టని జాగా. అంతే నాకు కావాల్సింది." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వుతోంది గానీ, చేట ఆగిపోయింది.

పీరా సాబ్‌కు ఆ సంగతి తెలియక కాదు. ఇల్లు వెతకడంలో ఆయన లోపమేమీ చేయలేదు, కొనడమొక్కటే చేయలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళ ఇళ్లకు పరుపులు ఏకడానికి పోతాడు కదా, వకీలు గారి వరండాలో విల్లు మీటుతూ వకీలును అడుగుతాడు, తాలూకాఫీసు గుమాస్తా ఇంట్లో గుమాస్తాను అడుగుతాడు. ఒక్కొక్క జవాబూ ఇంటికి వచ్చేలోపల రెండు ప్రశ్నలను కంటుంది. రిజిస్ట్రారాఫీసులో ఈసీ తీస్తే ఇంటి మీద అప్పు ఉందో లేదో తెలుస్తుందని వకీలు చెప్పాడు. "చేబదులు ఇచ్చినోని సంగతి ఈసీలో రాస్తారా సామీ?" అని ఈయన. రాయరన్నాడు వకీలు. ఆ రాత్రి పీరా సాబ్‌కు అన్నం సహించలేదు.

స్టేషను దగ్గర ఒక మంచి ఇల్లు వచ్చింది. అంతా మాట్లాడుకున్నాక తూర్పు గోడను తట్టి "ఈ గోడ మీదా, పక్కాయనదా?" అని అడిగాడు. ఆ గోడ ఎవరిదని అప్పటిదాకా ఎవరికీ ఆలోచన రాలేదు. సాయంత్రానికల్లా ఇరుగూ పొరుగూ గోడకు చెరోవైపు నిలబడి ముత్తాతలను తిట్టుకున్నారు. ఇల్లు అమ్మకం మానేశారు. ఇంకొక ఇంట్లో మైనరు పిల్లవాడికి వాటా ఉందని తెలిసింది, కోర్టు అనుమతి లేకుండా కొనకూడదన్నాడు వకీలు. "వాడు పెద్దోడయ్యేదాకా ఉందాము" అన్నాడు పీరా సాబ్. "వాడు పెద్దోడయితాడు, మనము ఉంటామా?" అంది ఖాతూన్ బీ.

అన్నిటికంటే ఘనమైనది బుడ్డగేరిలో బేరం. పాత కాగితాలు చూపమంటే పాపం ఆ ఇంటాయన తండ్రి కాగితం చూపాడు. దానికి ముందరిది అడిగితే తాత కాగితం తెచ్చాడు. దానికి ముందరిది అడిగితే విసుగెత్తి, "మా తాతకు అమ్మింది నవాబుల కాలపు మనిషప్పా, ఈ జాగా నవాబు ఇచ్చిందే ఆయనకు" అన్నాడు. పీరా సాబ్ కొంచెంసేపు ఆలోచించి, "నవాబుకు ఎవరిచ్చిరి?" అన్నాడు. ఆ ఇంటాయన ఈయనకు చెప్పులు తెచ్చి ఇచ్చి, వీధి మొగదాకా సాగనంపి వచ్చాడట.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు ఉచ్చీరమ్మ కోడలు చంటిబిడ్డతో వచ్చింది. బిడ్డకు దగ్గు. డాక్టరు దూది నూగు తగలకూడదన్నాడు. ఉచ్చీరమ్మ చెడ్డది కాదు. వాళ్ళ గుమ్మంలో కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఖాతూనూ, నేను ఏమీ అనలేనమ్మా, బిడ్డను సూడు. శ్రావణం లోపల యాడన్నా సూసుకోండి" అంది. ఖాతూన్ బీ తలూపింది. ఆమె లోపలికి వెళ్ళి మొగుడితో చెప్పిన మాట నాకు గోడలోంచి వినపడింది.

"నువ్వు అడగాల్సినవి అన్నీ అడుగు. కానీ ఈ తూరి కొను. కొనకుంటే నీ విల్లును పొయ్యిలో పెట్టి రొట్టెలు కాలుస్తా."

అప్పుడే కోట కొండ కింద బడే సాబ్ ఇల్లు అమ్మకానికి వచ్చింది. రెండు గదుల మట్టి మిద్దె, ముందర అరుగు, వెనక ఇంత పెరడు. పెరటి వెనక కొండే. పీరా సాబ్ ఒక పిడికెడు దూది తీసుకుపోయి పెరట్లో ఎగరేశాడు. అది ఎవరింటికీ పోకుండా తిన్నగా కొండ మీది గుండ్ల వైపు పోయింది. ఖాతూన్ బీ దాని వెంబడే చూస్తూ నిలబడింది. ఆమె ముఖం చూస్తే ఇల్లు కొనేసినట్టే ఉంది.

బడే సాబ్ పోయి చాలా కాలమైంది. కొడుకులు అమ్ముతున్నారు. పెద్దవాడు మక్బూల్‌కు కోడుమూరులో సైకిలు షాపు, చిన్నవాడు చోటే సాబ్ లారీ డ్రైవరు. ఈసీ బాగుంది. పన్ను రసీదులు బాగున్నాయి. తూర్పు గోడ ఎవరిదో పక్కింటి మాదన్నకు ముందే తెలుసు, ఆయనదే. పీరా సాబ్ అడగడానికి ఏమీ దొరకక రెండు రోజులు దిగులుగా తిరిగాడు.

దస్తావేజు రాయించే రోజు నన్నూ పిలిచారు, సాక్షి సంతకానికి. రిజిస్ట్రారాఫీసు బయట రేకుల కింద రైటరు నరసప్ప చాప పరుచుకుని కూర్చున్నాడు. మక్బూల్, చోటే సాబ్, రెండో సాక్షిగా వచ్చిన మాదన్న ఎదురుగా గొంతుకూర్చున్నారు.

"బడే సాబ్‌కు పిల్లలెంతమంది?" అన్నాడు నరసప్ప.

"ఇద్దరు. నేనూ, ఈయప్పా" అన్నాడు మక్బూల్.

"ఇద్దరేనా?" అని మాదన్నను చూశాడు నరసప్ప.

"ఇద్దరే గదప్పా, నా కండ్ల ముందర పెరిగిన పిల్లోల్లు" అన్నాడు మాదన్న.

వాళ్ళు అబద్ధమాడలేదు, అది గమనించాలి. మా వైపు పిల్లలెంతమందని అడిగితే మగపిల్లలను లెక్కపెట్టి చెబుతారు. ఆడపిల్ల ఇంకొకరి ఇంటి మనిషి కాబట్టి లెక్కలోకి రాదు. మా నాన్నను ఎమ్మిగనూరులో ఎవరైనా అడిగితే "నాకు ఒక్కడేనప్పా" అనేవాడు, నేను పక్కనే టీచరు ఉద్యోగం చేస్తూ, ఆయనకు చుట్టలు కొనిపెడుతూ ఉండగా. కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

నరసప్ప 'ఇరువురు కుమారులు' అని రాయబోతున్నాడు. పీరా సాబ్ ఆకాశం వైపు చూస్తూ గడ్డం గోక్కున్నాడు. ఆ గోకుడు చూస్తే ఖాతూన్ బీకి గుండె జారుతుంది. "ఒగ మాట అడగాల" అన్నాడు.

"అల్లా" అంది ఖాతూన్ బీ మెల్లగా.

"మీ ఇంటికి నేను ఒగ పెండ్లి పరుపు కుట్టినా. మా నాయన బతికున్నప్పుడు. ఎర్రగుడ్డ, అంచుకు పచ్చ పట్టీ. పెండ్లి పరుపు ఆడబిడ్డతో గదా పోయేది, మగపిల్లోనికి ఎవరు కుట్టిస్తారు?"

పీరా సాబ్‌కు మనుషుల ముఖాలు గుర్తుండవు. నన్నే బజారులో రెండుసార్లు దాటుకుని పోయాడు. తాను కుట్టిన పరుపును మాత్రం మరిచిపోడు. అన్నదమ్ములిద్దరూ నేల చూశారు.

"అది మా అక్కది" అన్నాడు చోటే సాబ్. "అక్బర్‌బీ. నందవరంలో ఇచ్చినాము."

"మరి ఇద్దరే అంటివే?"

"పెండ్లయిపాయె గదప్పా."

నరసప్ప కలాన్ని చెవి మీద పెట్టుకున్నాడు. "పెండ్లయితే వాటా పోదప్పా. మీ షరియతులోనూ ఆడబిడ్డకు వాటా ఉంది, కోర్టులోనూ ఉంది. ఆమె వేలిముద్ర పడందే ఈ కాయితం నేను రాయను. రేపు ఆమె వచ్చి అడిగితే కొన్నాయన గతేమి?"

"ఆమె రాదు" అన్నాడు మక్బూల్. ఎందుకు రాదో చోటే సాబ్ చెప్పాడు. బడే సాబ్ పోయినప్పుడు ఎమ్మిగనూరు బస్సులో పోయే ఎవరితోనో నందవరానికి కబురు పంపారు. ఆ మనిషి ఎమ్మిగనూరులో దిగి తన పని చూసుకుని తీరిగ్గా మర్నాడు చెప్పాడు. అక్బర్‌బీ వచ్చేసరికి మట్టి చేసేశారు. ఆమె గుమ్మం బయట నిలబడి, లోపలికి కాలు పెట్టకుండా, అట్లే వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తమ్ముళ్ళు పిలవలేదు, ఆమె రాలేదు. "ఆమే వస్తాదిలే అని మేము, మేము పిలుస్తామని ఆమె" అన్నాడు చోటే సాబ్.

ఆ సాయంత్రం ఖాతూన్ బీ ఏడ్చింది. పరుపు సంగతి నోట్లోనే పెట్టుకుని ఉంటే పోయేది కదా అని మొగుణ్ణి తిట్టింది. "రేపు ఆయమ్మ వచ్చి నా ఇల్లు అంటే, మల్లా గంప ఎత్తుకుంటావా?" అన్నాడు పీరా సాబ్. ఆయన ప్రశ్నల్లో అర్థమున్న ప్రశ్న అదొక్కటేనని ఆరోజు నాకనిపించింది.

ఆదివారం పీరా సాబ్ విల్లు భుజాన వేసుకుని నందవరం బయల్దేరాడు. మా అమ్మ దారిలోనే, ఎమ్మిగనూరులో ఉంటుంది కాబట్టి నన్నూ వెంట పంపింది ఖాతూన్ బీ. "ఈయప్ప అడిగి అడిగి ఆయమ్మను ఊరిడిసి పోయేటట్టు సేస్తాడు. కొంచెం నోరు పట్టుకో టీచరమ్మా" అంది. బస్సులో విల్లు నలుగురి నెత్తిన తగిలింది. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాలన్నాడు. "టికెట్టు కొడితే విల్లును కూర్చోబెట్టాల గదా, యాడ కూర్చోబెడతావు?" అని పీరా సాబ్. కండక్టరు ఎమ్మిగనూరు దాకా మళ్ళీ మా వైపు రాలేదు.

అక్బర్‌బీ ఇంటి ముందర శెనక్కాయలు వలుస్తోంది. పొడుగు మనిషి, గట్టి మనిషి, మాట అంతకంటే గట్టి. విల్లు చూడగానే "నేను ఎవర్నీ పిలవలేదే" అంది.

"పిలవలేదక్కా. నేను కుట్టిన పరుపు ఒగటి ఈడుంది. ఎట్లుందో సూద్దామని వచ్చినా."

ఆమె లోపలికి పోయి పరుపు తెచ్చి పడేసింది. ఎర్రగుడ్డ వెలిసి ఇటుకరాయి రంగుకు వచ్చింది. లోపల దూది ముద్దలు కట్టింది. పీరా సాబ్ కుట్లు విప్పి, పెరట్లో కూర్చుని విల్లు మీటడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నమంతా మీటాడు. నేను ఎదురుచూశాను, ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడని. ఆయన నోరు తెరవలేదు. దూది లేచి ఆమె తల మీద, భుజాల మీద పడుతోంది. ఆమె దులుపుకోలేదు. "మా నాయన ఈ దూదిని సంతలో చేత్తో పట్టి సూసి కొన్నాడు" అంది తనలో తాను అనుకుంటున్నట్టు. అప్పుడు చెప్పుకొచ్చింది, మట్టి చేసిన రోజు సంగతంతా. చివరికి పీరా సాబ్ అడిగాడు, ఒక్కటే.

"నీకేమి కావాలక్కా?"

"నాకేమీ వద్దు. నన్ను ఇంటికి రమ్మనేదానికి నా తమ్ముల్లకు నోరు రావాల."

పరుపు మళ్ళీ కుట్టి, కూలి తీసుకోకుండా వచ్చేశాడు.

తమ్ముళ్ళను పంపడం ఇంకొక యజ్ఞం. చిన్నవాడు పెద్దవాణ్ణి మాట్లాడమంటాడు, పెద్దవాడు చిన్నవాడైతే అక్కకు ముద్దు కాబట్టి వాడే మాట్లాడాలంటాడు. ఖాతూన్ బీ ఇద్దరినీ బస్సెక్కించి, దిగిపోకుండా బస్సు కదిలేదాకా నిలబడింది. దారి పొడుగునా మక్బూల్ ఏమి చెప్పాలో బట్టీ పట్టాడట. తీరా గుమ్మం ముందర అక్కను చూసేసరికి బట్టీ పట్టిందంతా పోయింది. ఇద్దరూ వానలో తడిసిన కోళ్ళలా నిలబడ్డారు. ఆఖరుకు మక్బూల్ అన్నాడు: "అక్కా, బస్సు పోతాది. రా."

అన్నేళ్ళ పంతం ఆ ఒక్క మాటకు కరిగిపోయింది. ఆమె చెంగుతో నోరు మూసుకుని, ఏడ్చిందో నవ్విందో తెలియకుండా, చీర మార్చుకుని వచ్చేసింది.

రిజిస్ట్రేషనుకు ముందురోజు అక్బర్‌బీ పుట్టింట్లో ఉంది. ఊడ్చి, అలికి, వాళ్ళ నాన్న దీపం పెట్టే గూటికి సున్నం పూసి, జొన్నరొట్టెలు చేసి తమ్ముళ్ళకు పెట్టింది. మర్నాడు అందరమూ రిజిస్ట్రారు ముందర నిలబడ్డాం. ఆమె వాటా ఆమె చేతికి ఇచ్చారు, నరసప్ప దగ్గరుండి ఇప్పించాడు. తమ్ముళ్ళు సంతకాలు పెట్టారు. ఆమె బొటనవేలికి సిరా పూశారు. రిజిస్ట్రారు అందరినీ అడిగే మాటే ఆమెనూ అడిగాడు.

"ఏమమ్మా, ఇది అమ్మకం కాయితమని తెలుసు కదా? ఇష్టపడే వేలు పెడుతున్నావా?"

"ఇష్టం లేదు సార్" అంది అక్బర్‌బీ.

పీరా సాబ్ గడ్డం గోక్కోవడం కూడా మరిచిపోయాడు. రిజిస్ట్రారు కళ్ళజోడు తీసి "బలవంతం చేసినారా?" అన్నాడు.

"ఎవరు సేస్తారు సార్ నన్ను బలవంతం? పుట్టినిల్లు అమ్మేదానికి ఎవరికన్నా ఇష్టముంటాదా? అడిగినారు, సెప్పినా. రేపటి నుంచి నాకు ఆదోనికి వచ్చేదానికి యాడుంది జాగా?"

"ఇష్టం లేకుంటే నేను రిజిస్టరు చెయ్యలేనమ్మా" అన్నాడాయన. న్యాయంగానే అన్నాడు. నాకు ఆమెను పట్టుకుని కుదపాలనిపించింది. అంతలోనే మా అమ్మ ఇల్లు గుర్తొచ్చి చేతులు రాలేదు.

అప్పుడు వెనక నుంచి ఖాతూన్ బీ వచ్చింది. ఆఫీసుల్లో ఎప్పుడూ మాట్లాడని మనిషి. శ్రావణం దగ్గర పడింది, గంప సర్దిపెట్టి ఉంది.

"వదినా, ఇల్లు యాడికీ పోదు. ఈ సారు ముందర సెబుతాండా. ఆ గుమ్మం నాదైనా నీ పుట్టిల్లే. నీకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రా, ఎన్ని దినాలైనా ఉండు. నువ్వు వస్తే మంచినీల్లు ఇచ్చి కూర్చోమనే ఇల్లు కాదు, కాల్లు సాపుకొని పండుకునే ఇల్లు. దేవుని తోడు."

అక్బర్‌బీ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "మాట మీద నిలబడతావా?"

"నిలబడతా."

"అయితే ఇష్టమే సార్" అని వేలు పెట్టింది.

ఖాతూన్ బీ ఆ మాట ఎంత మనస్ఫూర్తిగా అందో, ఇల్లు చేజారిపోతుందన్న భయంతో ఎంత అందో నాకు తెలియదు. ఆమెకూ తెలిసి ఉండదు. ఇట్లాంటి సందర్భాల్లో మనం ఏదో అంటాం, ఎదుటివాళ్ళు తలూపి ఊరుకుంటారు. అక్బర్‌బీ మాత్రం ఊరుకునే రకం కాదు. ఆ ఏడు పీర్ల పండక్కి, చంకలో మూట, చేతిలో శెనక్కాయల సంచి, గుమ్మంలో దిగింది.

"ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ టీచరమ్మా, ఈయమ్మ ఒకటిన్నర మొగుడు" అని ఖాతూన్ బీ నా దగ్గర మొత్తుకునేది. నేను అప్పటికీ ఉచ్చీరమ్మ ఇంట్లోనే ఉన్నా, సెలవు రోజుల్లో అటు పోయేదాన్ని. అక్బర్‌బీ వచ్చిందంటే పొయ్యి తూర్పుకు తిరుగుతుంది, ఎందుకంటే వాళ్ళమ్మ కాలంలో అది తూర్పుకే ఉండేది. మిద్దె మీద చవుడు మట్టి ఎట్లా వేయాలో పీరా సాబ్‌కు కింద నుంచి చెబుతుంది. మలీదలో బెల్లం తక్కువంటుంది. మరుసటేడు బెల్లం ఎక్కువ వేస్తే నెయ్యి తక్కువంటుంది. వెళ్ళేటప్పుడు ఖాతూన్ బీ ఇంత కొత్త రవిక గుడ్డ పెడితే, అంచు తిప్పి చూసి, "మా నాయన ఇంతకంటే మంచిది పెడుతుండె" అని తీసుకునేది.

పీరా సాబ్ వకీలు గారి ఇంటికి పరుపు ఏకడానికి పోయి, "ఇల్లు కొంటే ఇంట్లో ఉన్న తలుపులూ దూలాలూ మనవేనంటివి సామీ, పాత ఇంటోల్ల ఆడబిడ్డ కూడా మనకే వస్తాదా?" అని అడిగాడట. చట్టంలో దాని గురించి ఏమీ లేదన్నాడు వకీలు.

ఒక ఏడు పండక్కి అక్బర్‌బీ నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఖాతూన్ బీ ఆ నాలుగు రోజులూ వీధి మొగలోకి పోయి ఎమ్మిగనూరు బస్సు వచ్చే వేళకు నిలబడేది. అడిగితే కూరగాయలకు వచ్చానంది. మూట చంకన పెట్టుకుని ఆమె దిగగానే, "ఇంగ రాకుంటే పీడ పోతాదనుకుంటి" అని మూట లాక్కుంది. ఆ తర్వాత అక్బర్‌బీని పిలుచుకుపోవడానికి వచ్చిన ఆమె కొడుకుకు గట్టిగా చెప్పింది: "మీ యమ్మకు జ్వరమొచ్చినా నాకు తెలియాల. మీ తాతకు సేసినట్టు కబురు నడిపించొద్దండి."

వాడు ఆ మాట మరిచిపోలేదు. మండలాలు వచ్చిన మరుసటేడు ఎండాకాలంలో, తెల్లవారి మొదటి బస్సుకే మనిషిని పంపాడు. అక్బర్‌బీ పోయింది. మక్బూల్ అప్పటికే పక్షవాతంతో కోడుమూరులో మంచం పట్టి ఉన్నాడు. చోటే సాబ్ లారీతో ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు. పీరా సాబ్, ఖాతూన్ బీ నన్ను తోడు పిలుచుకుని, తెరిచీ తెరవని అంగట్లో తెల్లగుడ్డ కొని బయల్దేరారు. బస్సులో ఖాతూన్ బీ గుడ్డ అంచు తిప్పి తిప్పి చూసింది. "దీనికీ వంక పెడుతుండె" అంది. ఆ తర్వాత ఎమ్మిగనూరు దాకా కిటికీలోంచి చూస్తూ ఏడ్చింది.

మేము పోయేసరికి స్నానం చేయించడానికి నీళ్ళు కాచారు. మా వైపు పెళ్ళయిన ఆడమనిషి పోతే ఆఖరి గుడ్డ పుట్టింటి నుంచి రావాలి. వాళ్ళలోనూ అంతే, మాలోనూ అంతే. మసీదు పెద్ద గుమ్మంలో నిలబడి, "పుట్టింటోల్లు ఎవరన్నా వచ్చినారా? తమ్ముల్లు రాలేదంట గదా" అన్నాడు.

పీరా సాబ్ ముందుకు వచ్చాడు. "మీరు ఏమయితారప్పా?" అన్నాడాయన. జీవితమంతా ఊరందరినీ అడిగిన మనిషి, ఆ ఒక్క ప్రశ్నకు నోరు తెరిచి అట్లే నిలబడిపోయాడు. కొన్నవాడినని చెప్పలేడు. చుట్టమని చెప్పడానికి వరస లేదు.

ఖాతూన్ బీ ఆయన్ను పక్కకు జరిపి, గుడ్డను రెండు చేతులతో ముందుకు చాపింది.

"వచ్చినామన్నా. ఆయమ్మ పుట్టిల్లు మా ఇల్లే. నేను రిజిస్ట్రారు ముందర ఒప్పుకున్నా."

పెద్దాయన గుడ్డ తీసుకుని లోపలికి ఇచ్చాడు.